జర్మనీలో మాస్టర్స్‌కి యూనివర్సిటీని ఎంచుకోవడం: నా అనుభవం

2024 ఆగస్టులో మొదలుపెట్టిన పని 2025 అక్టోబరు మొదటి వారానికి ఒక కొలిక్కి వచ్చింది. ఇంత కాలం పడుతుందని నాకెవరూ చెప్పలేదు. వీసా గురించి, ఏడాది ఖర్చు ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్ గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. "వచ్చిన అడ్మిషన్లలో దేనికి వెళ్లాలి, అది ఎట్లా తేల్చుకోవాలి" అనే దగ్గరికొచ్చేసరికి అందరూ ర్యాంకు చూడమని ఊరుకున్నారు. నాకు ర్యాంకు పెద్దగా పనికి రాలేదు. ఏది పనికొచ్చిందో వరసగా రాస్తాను.

మాది నంద్యాల. ట్రిపుల్ ఈ చదివాను, 2023లో డిగ్రీ అయింది. తర్వాత ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కులో సైట్ ఇంజనీరుగా చేరాను. 1,000 మెగావాట్ల పార్కు. ఎండ నిప్పులు చెరుగుతున్న మధ్యాహ్నం, ప్యానెళ్లు నిండుగా కరెంటు ఇస్తున్న వేళ, గ్రిడ్, అంటే కరెంటును మోసుకెళ్లే లైన్ల వ్యవస్థ, ఇంత తీసుకోలేకపోతోంది, తగ్గించండి అని ఫోన్ వచ్చేది. ఇన్వర్టర్లు ఆపేవాళ్లం. మొదట్లో అది మామూలు డ్యూటీలాగే అనిపించింది. ఏడాది గడిచాక మాత్రం, ఇంత కరెంటు పుట్టించి పంపించే దారి లేక ఆపేయడమేమిటని మనసులో నలుగుతూనే ఉండింది. ప్యానెళ్ల సంగతి నాకు చాలు, గ్రిడ్ సంగతి చదవాలి అనుకున్నాను. పైచదువు ఆలోచన అక్కడే పుట్టింది. చివరికి యూనివర్సిటీని తేల్చింది కూడా అదే.

ఇంట్లో మొదటి మాట అమెరికా. మా బంధువుల్లో పైచదువంటే ఇంకో దేశం పేరు రాదు. చిన్నాన్న కొడుకు డాలస్‌లో చదివాడు. "రెండేళ్లకి నలభై, నలభై అయిదు లక్షలు పెట్టుకోవాల" అని ఫోన్లో లెక్క చెప్పాడు. నాన్నకు విత్తనాల అంగడి. వానలు సరిగా పడని ఏడాది రైతుల దగ్గర బాకీలు అట్లాగే ఉండిపోతాయి. ఆ రాత్రి అన్నం తింటూ, "అంత అప్పు మన తల మీద పెట్టుకుంటే నువ్వు అక్కడ చదువు మీద మనసు పెట్టగలవా తల్లీ?" అని అడిగాడు. వద్దని అనలేదు, అడిగాడంతే. నాకు ఆ ప్రశ్నలో నిజం కనిపించింది. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ఫీజు తీసుకోవని కాలేజీ సీనియర్ ఒకామె చెప్పింది. అక్కణ్నుంచి నా చూపు అటు తిరిగింది.

సెప్టెంబరులో హైదరాబాద్ వెళ్లి ఒక కన్సల్టెన్సీలో కూర్చున్నాను. సర్వీసు పూర్తిగా ఉచితం అన్నారు. నా మార్కుల మెమోలు చూసి, "మీ సీజీపీఏ 7.3, పబ్లిక్ యూనివర్సిటీలో రావడం కష్టమండీ" అంటూ బెర్లిన్‌లోని ప్రైవేటు యూనివర్సిటీల పేర్లు కాగితం మీద రాసిచ్చారు. ఏడాదికి పది వేల యూరోల పైనే ఫీజు. మాకు ఉచితంగా చేస్తే మీకు డబ్బు ఎవరిస్తారని అడిగాను. యూనివర్సిటీలే ఇస్తాయన్నారు. ప్రభుత్వ యూనివర్సిటీలు అట్లా కమీషన్లు ఇవ్వవు. కాబట్టి ఉచితం అన్నచోట ఎటువైపు నడిపిస్తారో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. ఇంకో చోట పబ్లిక్‌కే చేసిపెడతాం, అరవై వేలు అన్నారు. వాళ్లు చేస్తామన్న పనుల జాబితా చూస్తే అన్నీ నేను ఇంట్లో కూర్చుని చేసుకోగలిగినవే. బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

విదేశీ విద్యార్థులకు సమాచారం ఇచ్చే జర్మన్ సంస్థ డీఏఏడీ వెబ్‌సైటులో ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులు ఉంటాయి. సబ్జెక్టు, ఫీజు, భాష పెట్టి వడపోయవచ్చు. రాత్రి షెడ్యూలు రిపోర్టు పంపించాక దాని ముందు కూర్చునేదాన్ని. ఎలక్ట్రికల్, ఎనర్జీ కలిపి మొదట ముప్పైకి పైగా కోర్సులు తేలాయి.

ఆ జాబితాను నరికింది ముందుగా ఫీజు. జర్మనీ అంతా ఉచితం అనుకోవడం సరికాదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. స్టట్‌గార్ట్, కార్ల్స్‌రూ, ఫ్రైబర్గ్, హైడెల్‌బర్గ్ అన్నీ ఆ రాష్ట్రంలోవే. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ 2024-25 శీతాకాలం నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు పెట్టింది. దాన్ని ఆ రోజే కొట్టేశాను. స్టట్‌గార్ట్ మాత్రం ఉంచుకున్నాను, అక్కడి సబ్జెక్టులు నచ్చాయి.

రెండో కత్తెర గ్రేడు. జర్మనీలో 1 అంటే అన్నిటికన్నా మంచి మార్కు, 4 అంటే బొటాబొటి పాస్. మన సీజీపీఏని వాళ్లొక సూత్రంతో మారుస్తారు. 10 నుంచి మన సీజీపీఏ తీసేయాలి. వచ్చినదాన్ని 10కీ కనీస పాస్ గ్రేడుకీ ఉన్న తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి. ఇందులో కనీస పాస్ గ్రేడు ఎంతని పెడతామన్నదే అసలు సంగతి. 4 అని పెడితే నా 7.3 కాస్తా 2.35 అవుతుంది. 5 అని పెడితే 2.62. నేను చూసిన కోర్సుల్లో చాలావాటికి 2.5 లోపు ఉండాలి. అంటే ఆ ఒక్క అంకె మీద సగం యూనివర్సిటీలు ఉంటాయో పోతాయో తేలిపోతుంది. మా రెగ్యులేషన్స్‌లో ఒక సబ్జెక్టు పాసవడానికి కనీస గ్రేడు పాయింటు 4. డిగ్రీ చేతికి రావడానికి మొత్తం సీజీపీఏ 5 ఉండాలి. రెండూ రాసి ఉన్నాయి. సబ్జెక్టుకి కనీస గ్రేడు 4 అని స్పష్టంగా చెప్పే ఉత్తరం కోసం ఎగ్జామినేషన్ బ్రాంచికి దరఖాస్తు పెట్టాను. రావడానికి మూడు వారాలు పైనే పట్టింది. ఆ కాగితాన్ని ప్రతి దరఖాస్తుకీ జతచేశాను. నాలాగా ఏడున్నర లోపు సీజీపీఏ ఉన్నవాళ్లు మిగతా ఏ పనికన్నా ముందు ఈ ఉత్తరం తెచ్చుకోండి.

అక్టోబరులో ఏపీఎస్‌కి పెట్టాను. 2022 నవంబరు నుంచి మన దేశ విద్యార్థులకు ఇది తప్పనిసరి. మన సర్టిఫికెట్లు అసలైనవేనని ఢిల్లీలోని ఆఫీసు తేల్చి ఇచ్చే పత్రం ఇది. ఫీజు 18,000. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, డబ్బు కట్టి, కాపీలన్నీ కొరియర్‌లో పంపాలి. ఇక్కడ మన తెలుగువాళ్లందరికీ ఎదురయ్యే చిక్కొకటి ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ చేయించి పెట్టాను. సర్టిఫికెట్ డిసెంబరు మొదట్లో మెయిల్‌కి వచ్చింది. అది వచ్చేదాకా దరఖాస్తులు కదలవు. అందుకే నా లెక్కలో మొదటి అడుగు ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ కాదు, ఏపీఎస్.

ఐఈఎల్‌టీఎస్ నవంబరులో హైదరాబాద్‌లో రాశాను. ఫీజు పదిహేడు వేల దాకా అయింది. కంప్యూటర్ మీద రాయడంతో వారంలోపే ఫలితం వచ్చింది, 7. చాలా కోర్సులు 6.5 అడుగుతాయి. కాలేజీలో ఇంగ్లిష్ మీడియం అని ఇచ్చే ఉత్తరాన్ని చాలాచోట్ల ఒప్పుకోరు.

ఇక నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి. ప్రతి కోర్సుకీ మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. వంద, రెండు వందల పేజీలు. ఒక్కో సబ్జెక్టులో ఏం చెబుతారు, ఎన్ని క్రెడిట్లు, శీతాకాలంలోనా వేసవిలోనా, పరీక్ష రాతలోనా నోటితోనా, ఏ భాషలో, అన్నీ అందులో ఉంటాయి. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో అందరూ గొబ్బెమ్మలూ అరిసెల హడావిడిలో ఉంటే నేను మిద్దె మీద ఇవి చదువుతూ కూర్చున్నాను. మా అవ్వ పైకొచ్చి, "పండగ పూట కూడా ఈ పుస్తకమేనా మే" అని రెండు అరిసెలు పక్కన పెట్టిపోయింది.

అప్పుడు తెలిసింది: కోర్సు ఇంగ్లిష్‌లోనని రాసి ఉన్నా, ఐచ్ఛిక సబ్జెక్టులన్నీ ఇంగ్లిష్‌లో ఉండవు. నా జాబితాలో పైన ఉన్న ఒక చోట తప్పనిసరి సబ్జెక్టులు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. నేను కోరుకున్న గ్రిడ్ ప్రొటెక్షన్, హైవోల్టేజ్ సబ్జెక్టులు మాత్రం జర్మన్‌లో ఉన్నాయి. నాకు అప్పటికి ఏ1, అంటే మొదటి మెట్టు జర్మన్ కూడా రాదు. ఇంకో చోట మంచి పేరున్న కోర్సులో పవర్ సిస్టమ్స్ అనేదే రెండు సబ్జెక్టులు, మిగతాదంతా కమ్యూనికేషన్, చిప్ డిజైన్. ర్యాంకు పట్టికలో ఇవేవీ కనిపించవు. ఒక పరీక్షను మూడుసార్లే రాయనిస్తారు, మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచి పంపేస్తారన్న నిబంధన కూడా చాలాచోట్ల చూశాను. అది చదివిన రోజు భయం వేసింది. తర్వాత అదే భయం, చేయగలిగిన సబ్జెక్టులున్న చోటినే చూసుకునేలా చేసింది.

హ్యాండ్‌బుక్ తర్వాత ఆ సబ్జెక్టులు చెప్పే విభాగం వెబ్‌పేజీ తెరిచేదాన్ని. ఇప్పుడు వాళ్ల దగ్గర ఏ థీసిస్‌లు నడుస్తున్నాయో అక్కడ ఉంటుంది. ఆ తర్వాత లింక్డ్‌ఇన్‌లో అక్కడ చదువుతున్న మనవాళ్లను వెతికి రాసేదాన్ని. "యూనివర్సిటీ ఎట్లా ఉంది అక్కా" అని అడిగితే బాగుందనే చెబుతారు. నేను ఇవి అడిగాను: ఎన్ని సెమిస్టర్లలో ముగించారు, రూము ఎన్ని నెలలకు దొరికింది, ఏ పరీక్షలో ఎక్కువమంది తప్పుతారు. జవాబులు తేటగా వచ్చాయి. నాలుగు సెమిస్టర్ల కోర్సు అయినా అయిదు, ఆరు పడుతుందన్నది దాదాపు అందరి మాట. ఈ ఒక్క జవాబుతో నా ఖర్చుల లెక్క మొత్తం మారిపోయింది.

ఫిబ్రవరి నుంచి దరఖాస్తులు పెట్టాను. గడువులు చోటుకొకటి. ఆఖెన్ లాంటి చోట్ల మార్చి 1కే ముగుస్తుంది. యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు తీసుకుని పరిశీలించే యూని-అసిస్ట్ ద్వారా వెళ్లే చాలా చోట్లకు జులై 15 దాకా ఉంటుంది. యూని-అసిస్ట్‌కి మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతి ప్రతిదానికీ 30. కొన్ని యూనివర్సిటీలకు సొంత పోర్టల్ ఉంటుంది, వాటిల్లో ఫీజు లేదు. అయిదారు చోట్లకు పెట్టి ఆపాను. ట్రాన్‌స్క్రిప్టులు, నోటరీలు, కొరియర్లు, ఏపీఎస్, ఐఈఎల్‌టీఎస్ అన్నీ కలిపితే, ఒక్క అడ్మిషన్ కూడా రాకముందే యాభై వేలు దాటింది. ఆ డబ్బు నా జీతంలోంచే పెట్టుకున్నాను. నాన్నను అడగడానికి మనసొప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన ఎదురుచూపు చాలా కష్టమైంది. మార్చి, ఏప్రిల్ మొత్తం సైటులో ఫోను చేతిలోనే. ఏప్రిల్ చివర్లో మొదటి జవాబు, అది తిరస్కారం. గ్రేడు సరిపోయింది కానీ సిగ్నల్ థియరీలో క్రెడిట్లు చాలలేదన్నారు. నాలుగేళ్లు చదివిన చదువును వాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుగా తూకం వేస్తారు. మన దగ్గర ఒక సబ్జెక్టు పేరు కింద రెండు మూడు సంగతులు కలిపి చెబుతారు. అవి సిలబస్ కాపీలో విడివిడిగా కనిపించకపోతే వాళ్ల లెక్కలోకి రావు. ఆ రోజు రాత్రి అమ్మ ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. అట్లా కూర్చోవడమే నాకు ఊరట అయింది.

మే రెండో వారంలో స్టట్‌గార్ట్ నుంచి అడ్మిషన్ వచ్చింది. ఇంట్లో పండగ. నాన్న అంగడిలో అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. ఆ నెలాఖరులోనే అమెరికా విద్యార్థి వీసాలకు కొత్త ఇంటర్వ్యూ తేదీలు ఇవ్వడం ఆపేసింది. మే 27న వచ్చిన వార్త. మా మేనత్త కొడుకు అక్కడ అడ్మిషన్ తెచ్చుకుని, హైదరాబాద్ కాన్సులేట్ స్లాటు కోసం ఎదురుచూస్తున్నాడు. జూన్ 18న మళ్లీ మొదలుపెడుతున్నామని ప్రకటించారు కానీ అతనికి ఆ సీజనుకు స్లాటు దొరకలేదు. వాడి ముఖం చూస్తే నా అడ్మిషన్ గురించి ఆనందంగా మాట్లాడబుద్ధి కాలేదు.

జూన్ మూడో వారంలో మాగ్డెబర్గ్‌లోని ఓటో ఫాన్ గ్వెరికే యూనివర్సిటీ నుంచి రెండో అడ్మిషన్ వచ్చింది. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. ఇక్కణ్నుంచి పది రోజులు సరిగా నిద్రపోలేదు.

బంధువులకు, స్నేహితులకు స్టట్‌గార్ట్ పేరు తెలుసు. బాష్, మెర్సిడెస్ ఉన్న ఊరు. మాగ్డెబర్గ్ ఎక్కడుందని అందరూ అడిగారు. స్టట్‌గార్ట్‌లో పార్ట్‌టైమ్ దొరికితే ఫీజు దానంతటదే వచ్చేస్తుందని ఒక సీనియర్ గట్టిగా చెప్పాడు. ఆ మాట తీసేయదగ్గది కాదు. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. కానీ అదే ఏడాది జర్మనీ కార్ల పరిశ్రమ నుంచి వస్తున్న వార్తలు వేరుగా ఉన్నాయి. ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో, 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించే ఒప్పందం చేసుకుంది. పని దొరుకుతుందన్న నమ్మకం మీద అప్పు పెంచుకోవడం నాకు ధైర్యం చాలలేదు.

నాన్నా నేనూ అంగడి లెక్కల పుస్తకంలోనే రాసి చూశాం. స్టట్‌గార్ట్ ఫీజు నాలుగు సెమిస్టర్లకు 6,000 యూరోలు. సీనియర్లు చెప్పినట్టు అయిదు, ఆరు పడితే 7,500 నుంచి 9,000. అద్దెలో నెలకు నూట ఇరవై, నూట యాభై యూరోల తేడా, రెండున్నరేళ్లకు ఇంకో నాలుగు వేల దాకా. యూరో అప్పటికి వంద రూపాయల దగ్గర ఉంది. మొత్తం తేడా పది నుంచి పదమూడు లక్షలు. నాన్న పెన్ను పక్కన పెట్టి, "డబ్బు సంగతి నాకు వదిలెయ్. చదువు ఏడ బాగుంటాది అది చెప్పు" అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా కష్టమైంది. డబ్బుతో తేలేదైతే అక్కడికక్కడే తేలిపోయేది.

మళ్లీ హ్యాండ్‌బుక్‌లు తీశాను. రెండు చోట్లా పవర్ సబ్జెక్టులున్నాయి. కంపెనీల మాటకొస్తే స్టట్‌గార్ట్‌లోనే ట్రాన్స్‌నెట్ బీడబ్ల్యూ ఉంది, జర్మనీలోని నాలుగు పెద్ద ట్రాన్స్‌మిషన్ కంపెనీల్లో అదొకటి. మాగ్డెబర్గ్ వైపు లైన్లు ఆ నాలుగింటిలోనే ఇంకొకటైన 50హెర్ట్జ్ కంపెనీవి. కాబట్టి అది ఎటూ మొగ్గని వాదన. తేడా వచ్చింది ఇంకో చోట. మాగ్డెబర్గ్‌లో ఎలక్ట్రికల్ నెట్‌వర్కులు, పునరుత్పాదక విద్యుత్తు రెంటికీ కలిపి ఒక విభాగమే ఉంది. వాళ్ల థీసిస్‌ల జాబితా చదువుతుంటే నా సైటు డైరీ చదువుతున్నట్టు అనిపించింది. జర్మనీ ఉత్తరాన, తూర్పున గాలిమరలు ఎక్కువ. కరెంటు వాడే ఫ్యాక్టరీలు దక్షిణాన ఎక్కువ. మధ్యలో లైన్లు చాలక గాలి బాగా వీచే రోజుల్లో మరలను ఆపాల్సి వస్తుంది. మా సోలార్ పార్కులో మధ్యాహ్నం వచ్చే ఫోను అక్కడా మోగుతుందన్నమాట. దాన్ని తీర్చడానికి వేస్తున్న పెద్ద డీసీ లైన్లలో ఒకటి జూడ్ఓస్ట్‌లింక్, 525 కిలోవోల్టులది. అది బవేరియాకు బయలుదేరేది మాగ్డెబర్గ్ పక్కనున్న వోల్మిర్‌స్టెట్ నుంచి. ఆ వాక్యం చదివాక నాకు ఇక వేరే ఆలోచన రాలేదు. ఆ చిక్కు ఉన్న చోటికి వెళ్లి చదవాలనుకున్నాను.

జూన్ ఆఖరున మాగ్డెబర్గ్‌కి ఒప్పుకుంటున్నానని రాశాను. స్టట్‌గార్ట్‌కి రావడం లేదని కూడా రాశాను. ఆ మెయిలు పంపేటప్పుడు చేతులు చల్లబడ్డాయి. కానీ నా సీటు ఇంకొకరికి దక్కాలి కదా. మీరూ తప్పకుండా రాయండి.

ఆ వెంటనే బ్యాంకు. "ఫీజు లేదంటున్నారు, మరి లోన్ దేనికండీ?" అని మేనేజరు అడిగారు. విద్యారుణాలు ఫీజు చుట్టూ తిరుగుతాయి. ఫీజు లేని చదువు వాళ్ల ఫారాల్లో ఇమడదు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే నెలకు 992. యూనివర్సిటీ ఉత్తరం, జర్మన్ ఎంబసీ పేజీ ప్రింటు తీసి చూపిస్తే జీవన ఖర్చు కింద రాసుకున్నారు. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు ఆస్తి తాకట్టు అడుగుతాయి. ఇంటి కాగితాలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్, వీటికి విడిగా పద్దెనిమిది వేల దాకా అయింది. శాంక్షన్ రావడానికి మూడున్నర వారాలు పట్టింది. ఈ కాగితాలు అడ్మిషన్ రాకముందే సిద్ధం చేసుకోవచ్చు. ఇంకో సంగతి, 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణంతో పంపే డబ్బుకు టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు. సొంత డబ్బయితే ఏడాదికి పది లక్షలు దాటిన దాని మీద పడుతుంది. బ్యాంకు వేసే యూరో రేటుకూ పేపర్లో కనిపించే రేటుకూ తేడా ఉంటుంది. మొత్తం పన్నెండు లక్షల పైనే కదిలింది.

బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు పడ్డాక జులై చివర్లో, మాగ్డెబర్గ్‌లో ఇంటెల్ పెట్టాలనుకున్న చిప్‌ల ఫ్యాక్టరీని పూర్తిగా విరమించుకుందన్న వార్త వచ్చింది. 2022లో ప్రకటించి, 2024 సెప్టెంబరులో వాయిదా వేసి, చివరికి ఆపేశారు. ఆ ఫ్యాక్టరీని చూపించి మాగ్డెబర్గ్‌ను పొగిడిన వీడియోలు నేను ఎన్నో చూశాను. నాతోపాటు అడ్మిషన్ వచ్చిన అనంతపురం అమ్మాయి చిప్‌లతో పని ఉండే ఎంబెడెడ్ సిస్టమ్స్ వైపు వెళ్లాలనుకుంది. ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చింది. నాన్న కూడా పేపర్ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నా లెక్కలో ఇంటెల్ ఎప్పుడూ లేదని చెప్పాను. వోల్మిర్‌స్టెట్ లైను పని నడుస్తూనే ఉందని చూపించాను. ఆ అమ్మాయి కూడా చివరికి వచ్చింది, ఇప్పుడు నా పక్క బిల్డింగులోనే ఉంటోంది.

వీసా గురించి తక్కువే రాస్తాను. దరఖాస్తు ముందు ఆన్‌లైన్ పోర్టల్‌లో, తర్వాత హైదరాబాద్ కేంద్రంలో వేలిముద్రలు. ఫీజు 75 యూరోలకు సరిపడా రూపాయలు. ఆగస్టు మధ్యలో ఇచ్చాను, సెప్టెంబరు మూడో వారంలో పాస్‌పోర్టు ఇంటికొచ్చింది. తిరస్కరిస్తే కారణం అడిగి మళ్లీ విన్నవించుకునే పద్ధతిని 2025 జులై 1 నుంచి తీసేశారు. ఇక కోర్టుకు వెళ్లాలి, లేదా మొదటి నుంచి కొత్తగా పెట్టుకోవాలి. అందుకే ఈ కోర్సే ఎందుకు, ఈ ఊరే ఎందుకు అని రాసే ఉత్తరాన్ని చాలా శ్రద్ధగా రాశాను. పైన చెప్పిన సోలార్ పార్కు, గాలిమరలు, డీసీ లైను సంగతే రాశాను. యూనివర్సిటీని నిజమైన కారణంతో ఎంచుకుంటే ఆ ఉత్తరం తనంతట తానే వస్తుంది, ఎవరి దగ్గరా నమూనా తెచ్చుకోనక్కర్లేదు.

ఇక్కడికొచ్చాక మొదటి పని ఊరి ఆఫీసులో చిరునామా నమోదు. అది లేకుండా బ్యాంకు అకౌంట్ కష్టం, అకౌంట్ లేకుండా బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెల డబ్బు రాదు. నాకు అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాతకు దొరికింది. కాబట్టి మొదటి నెలకు ఏడెనిమిది వందల యూరోలు చేతిలో తెచ్చుకోండి. ఆరోగ్య బీమా నెలకు 140 యూరోల పైచిలుకు. దీన్ని ఖర్చుల లెక్కలో వేసుకునేవాళ్లు తక్కువ. హాస్టల్ గదికి అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టినా నవంబరు నుంచే ఇస్తామన్నారు. అక్టోబరంతా తెలుగు సీనియర్ అక్కల గదిలో సర్దుకున్నాను. వాళ్లు అద్దె తీసుకోలేదు, వంట మాత్రం నాతో చేయించుకున్నారు. నంద్యాల నుంచి తెచ్చిన శనక్కాయల పొడి పది రోజుల్లో ఖాళీ అయింది.

తరగతులు అక్టోబరు మధ్యలో మొదలయ్యాయి. పవర్ సిస్టమ్స్ సబ్జెక్టులు రెండు ఈ సెమిస్టర్‌లోనే తీసుకున్నాను. జర్మన్ ఏ1 తరగతి సాయంత్రాలు యూనివర్సిటీలోనే ఉంది. నాన్న ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా, "స్టట్‌గార్ట్ ఇడిసిపెట్టి మంచిపని చేసినామా మే?" అని అడుగుతున్నాడు. మొదటి పరీక్షలు ఫిబ్రవరిలో. అవి రాసి చెప్తా నాన్నా అన్నాను.